ఆకు తిప్పి చూడండి, ఆ తరువాతే మందు

ఇంటి ముందు ఒక మందారం, గేటు ప్రక్కన రెండు క్రోటన్లు, గోడ వెంట నందివర్ధనం, నూరువరహాలు. పాలకొల్లు చుట్టుప్రక్కల గ్రామాలలో ఈపాటి పూలమొక్కలు లేని ఇల్లు అరుదు. రెండు గదుల ఇల్లయినా గుమ్మం దగ్గర ఒక మల్లె పొద ఉంటుంది. మందిరాల ఆవరణలలో, సమాధుల తోటలలో గన్నేరు, కాగితం పూల చెట్లు తరతరాలుగా పెరుగుతున్నాయి. వీటి నుండి మనకు రాబడి లేదు. అయినా నీళ్లు పోస్తాము, ఎండిపోతే బాధపడతాము.

సంఘస్థుల ఇళ్లకు వెళ్లినప్పుడు తరచు వినబడే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, మందారం ఆకులన్నీ ముడుచుకుపోయాయి. మొగ్గలు రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టమంటారు?" ప్రశ్న మంచిదే గాని, అందులో ఒక మెట్టు తప్పిపోయింది. జ్వరం వచ్చినవానికి ఏ జ్వరమో చూడకుండా మాత్ర ఇవ్వము కదా! ఏ మందు అని అడిగే ముందు ఏ పురుగు అని అడగాలి. చాలా ఇళ్లలో జరిగేది వేరు. చేనుకు కొట్టగా మిగిలిన సీసా పాకలో ఉంటుంది. దానిలో నుండి ఒక మూతెడు బకెట్ నీళ్లలో కలిపి మొక్క మీద చల్లుతారు. వారం రోజులు బాగానే ఉంటుంది. నెల తిరిగేసరికి పురుగు రెండింతలవుతుంది.

పూలమొక్క గొడవేగదా అని దీనిని తీసివేయకూడదు. ముందున్న మందారం మీద చేరిన కొన్ని పురుగులే వెనుకనున్న జామకు, బొప్పాయికి, కొబ్బరికి పాకుతాయి. మూతెడు మందు చల్లిన చోటే పిల్లలు ఆడుకుంటారు, కోళ్లు తిరుగుతాయి. ఈ రెండు సంగతులనుబట్టి ఈ నెల పూలమొక్కల మీద వచ్చే పురుగులను గురించి కొంత వివరంగా తెలుసుకుందాము.

నమిలేవి, పీల్చేవి

మొక్కకు హాని చేసే పురుగులను ముందు రెండు గుంపులుగా విడదీసుకుంటే సగం పని అయినట్టే. ఆకుకు చిల్లులు పడినా, అంచులు కొరికివేసినా, ఈనెలు మాత్రమే మిగిలినా అది నమిలే పురుగు పని. గొంగళి పురుగులు, మిడతలు, పెంకు పురుగులు ఈ గుంపులోనివి. ఆకుకు చిల్లు లేకుండానే ముడుచుకుపోవడం, పసుపు రంగుకు తిరగడం, జిగటగా తయారవడం, నల్లని మసి పట్టడం చూస్తే అది రసం పీల్చే పురుగు పని. పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ, పొలుసు పురుగు, తామర పురుగు ఈ రెండవ గుంపులోనివి. మన ఇళ్లలోని పూలమొక్కలకు ఎక్కువ బాధ పెట్టేవి ఇవే.

రసం పీల్చే పురుగులు ఎక్కువగా ఆకు పైన కనబడవు. ఎండ, వాన తగలకుండా ఆకు అడుగున, కొమ్మల పంగలలో, మొగ్గ తొడిమ దగ్గర దాగి ఉంటాయి. కనుక ఎప్పుడైనా సరే, మొదట చేయవలసిన పని ఆకు తిప్పి చూడడమే. పిల్లలు చదువుకొనే భూతద్దం ఉంటే మరీ మంచిది.

పిండినల్లి

మందారానికి మొదటి శత్రువు ఇది. కొమ్మ చివర తెల్లని దూది అంటించినట్టు కనిపిస్తుంది. చేతితో నలిపితే లోపల నుండి గులాబి రంగు లేక పసుపు రంగు రసం వస్తుంది. ఆ దూది దాని ఒంటి మీద ఊరే మైనం. నీరు గాని, పలుచని మందు గాని ఆ మైనం దాటి లోపలికి పోదు. అందుకే "ఎంత కొట్టినా చావడం లేదు" అని చాలామంది వాపోతారు.

మందారం మీద వచ్చే గులాబిరంగు పిండినల్లి రసం పీల్చేటప్పుడు దాని ఉమ్మిలోని విషం మొక్కలోనికి దిగుతుంది. అందువలన చిగురు ఆకులు ముడుచుకుని గుత్తిగా, పిడికిలి బిగించినట్టు తయారవుతాయి. ఒక్కొక్క ఆడపురుగు దూదివంటి సంచిలో 150 నుండి 600 వరకు గుడ్లు పెడుతుంది. ఎండలు ముదిరే కొద్దీ దీని సంతానం వేగంగా పెరుగుతుంది.

ఈ పురుగు మన దేశంలో పాతకాలపుదే. 1908లోనే ఇక్కడి నమూనాలనుబట్టి దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టారు. కాని 1994లో కరిబియన్ సముద్రంలోని గ్రెనడా దీవిలో ఇది మొదటిసారి కనిపించినప్పుడు అక్కడి మందారపు కంచెలు, పండ్లచెట్లు ఎండిపోయాయి. ప్రక్కనున్న దీవులకు కూడా పాకింది. మన ఊళ్లలో అంత ఉపద్రవం కాని పురుగు అక్కడ ఎందుకయ్యింది? మన దగ్గర దానిని తినే పురుగులు ముందునుండే ఉన్నాయి, అక్కడ లేవు. చివరకు దానిని తినే అక్షింతల పురుగులను, దాని ఒంటిలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలను బయటనుండి తెచ్చి వదిలిన తరువాతనే అదుపులోనికి వచ్చింది.

మన దక్షిణాదిలోనూ ఇటువంటిది ఒకటి జరిగింది. మెక్సికో ప్రాంతానికి చెందిన బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరు దగ్గర కనబడి, బొప్పాయి, కర్ర పెండలం, మల్బరీ తోటలను పాడుచేసింది. మందారం మీద, తోటల గట్ల మీది వయ్యారిభామ కలుపు మీద కూడా ఇది బ్రతుకుతుంది. మందులు కొట్టినకొద్దీ తిరిగి వస్తూనే ఉంది. 2010లో ప్యూర్టోరికో దీవి నుండి మూడు రకాల పరాన్నజీవి కందిరీగలను బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ తెప్పించి, పెంచి, తోటలలో వదిలింది. వాటిలో ఒకటి, దోమకన్నా చిన్నది, మందులకు లొంగని పురుగును తోటలలో అదుపు చేసింది.

పేనుబంక, దానిని కాసే చీమ

గన్నేరు చిగుళ్ల మీద నిమ్మపండు రంగులో గుంపుగా అంటుకుని కనబడేది పేనుబంక. మందారం మీద, గులాబి మొగ్గల మీద ఆకుపచ్చగానో నల్లగానో ఉంటుంది. మన వాతావరణంలో ఆడపురుగు మగదానితో పనిలేకుండానే నేరుగా పిల్లలను కంటుంది. ఆ పిల్ల వారం, పది రోజులకు తానూ పిల్లలను కనడం మొదలుపెడుతుంది. సోమవారం పదిగా కనిపించినవి వచ్చే వారానికి కొమ్మంతా నిండిపోవడం ఇందువలననే.

చెట్టు రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. తనకు కావలసిన మాంసకృత్తుల కోసం ఈ పురుగు చాలా రసం త్రాగి, మిగిలిన చక్కెర నీటిని వెనుకనుండి వదిలివేస్తుంది. క్రింది ఆకుల మీద జిగటగా తగిలేది అదే. ఆ జిగట మీద నల్లని బూజు పెరుగుతుంది. దానినే మసి తెగులు అంటారు. మసి ఆకు లోపలికి పోదు గాని, ఎండ తగలనివ్వదు. ఎండ తగలని ఆకు ఆహారం తయారు చేసుకోలేదు. చాలామంది ఈ మసిని చూసి తెగులు మందు తెచ్చి కొడతారు. దానివలన ప్రయోజనం లేదు. పైన కూర్చున్న పురుగు పోతే మసి దానంతట అదే ఎండి రాలిపోతుంది.

ఆ తీపి కోసం వచ్చేవి చీమలు. సామెతల గ్రంథంలో సొలొమోను చీమను సోమరికి గురువుగా చూపించాడు. అది కష్టజీవి అన్నమాట ప్రత్యక్షంగా చూడాలంటే మందారపు కొమ్మ దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. మనము పాడి ఆవును కాచుకున్నట్టే చీమలు పేనుబంకను, పిండినల్లిని కాచుకుంటాయి. తినడానికి వచ్చిన అక్షింతల పురుగును కరిచి తరుముతాయి. కొన్ని రకాల చీమలు పిల్ల పురుగులను నోట కరచుకుని క్రొత్త కొమ్మకు చేరుస్తాయి కూడా. కనుక మొక్క కాండం మీద చీమల బారు ఎక్కుతూ దిగుతూ కనబడితే, పైన రసం పీల్చే పురుగు ఉన్నదని గ్రహించాలి. చీమ రాకను ఆపగలిగితే మిగిలిన పనిలో చాలా భాగం మిత్రపురుగులే చేసుకుంటాయి.

పొలుసు పురుగు, తెల్లదోమ

నూరువరహాల ఆకు ఈనె వెంట, గులాబి కాండం మీద గోధుమరంగు లేక తెల్లని చిన్న బొడిపెలు వరుసగా ఉంటే అవి మొక్క బెరడులో భాగమని అనుకుంటారు. గోటితో గీకి చూడండి. ఊడి వస్తే అది పొలుసు పురుగు. ఒకసారి అంటుకున్న తరువాత ఆడపురుగు దాదాపు కదలదు. చిన్న కవచం క్రింద కూర్చుని రసం పీలుస్తుంది. కొమ్మ పైనుండి ఎండుకుంటూ వస్తే దీనిని అనుమానించాలి.

తెల్లదోమ సంగతి మన ప్రాంతంవారు మరీ శ్రద్ధగా వినాలి. కొమ్మను కదిపితే తెల్లని పొడివంటి రెక్కల పురుగులు లేచి మళ్లీ ఆకు క్రిందికే చేరతాయి. వీటిలో సర్పిలాకార తెల్లదోమ అనే పెద్ద రకం ఒకటుంది. మామూలు తెల్లదోమకు మూడింతలు ఉంటుంది, చురుకుగా ఎగరదు. ఆకు అడుగున ముగ్గు వేసినట్టు గుండ్రంగా చుట్టలు చుట్టి, తెల్లని మైనంతో కలిపి గుడ్లు పెడుతుంది. మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఈ పురుగు 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో కనబడింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటలలో బయటపడింది. ఆ తరువాత మన గోదావరి జిల్లాలలో మొదట కనిపించిన చోటు కడియం ప్రాంతం. రాష్ట్రానికంతటికీ పూలమొక్కలు, అలంకరణ మొక్కలు పంపే నర్సరీలున్న చోటది.

కొబ్బరి ఆకుల అడుగున తెల్లని పొర, పైన నల్లని మసి, చెట్టు క్రింద వేసిన మొక్కల మీదా, ఇంటి రేకుల మీదా నలుపు. కోనసీమలోను, పాలకొల్లు, నరసాపురం వైపు తోటలలోను దీనిని చూడనివారు తక్కువ. ఇది కొబ్బరి మీదనే ఉండదు. అరటి, జామ, సపోటా, మెట్టతామర, మందారం వంటివాటి మీద కూడా పెరుగుతుంది. అంటే కొబ్బరి మీది పురుగుకు మన ఇంటి ముందు పూలమొక్క రెండవ కాపురం. చలికాలం నుండి ఎండాకాలం వరకు పెరిగి, గట్టి వర్షాలకు తగ్గుతుంది.

ఈ పురుగు విషయంలో శాస్త్రవేత్తలు ఇచ్చిన సలహా గమనించదగినది. అదేమంటే, విషపు మందులు కొట్టవద్దని. ఎందుకంటే ఎన్కార్సియా అనే అతి చిన్న కందిరీగ ఈ తెల్లదోమ పిల్లల మీద గుడ్లు పెట్టి లోపలనుండి తినివేస్తుంది. అలా తినబడిన పిల్ల పురుగు తెల్లగా కాక నల్లగా మారుతుంది. మీ ఆకు అడుగున తెల్లటివాటి మధ్య నల్లటి చుక్కలు ఎక్కువగా ఉన్నాయంటే సహాయం వచ్చిందని సంతోషించండి. ఆ ఆకును కాల్చకండి. దానిని కోసి, పురుగు ఎక్కువగా ఉన్న మరొక చెట్టుకు కట్టితే కందిరీగలు అక్కడకు చేరతాయి.

నమిలే పురుగులు

నందివర్ధనం, గన్నేరు ఆకులను ఒక రాత్రిలో తినివేసే లావుపాటి పచ్చని గొంగళి పురుగు ఒకటుంది. తల వెనుక రెండు నీలం కళ్లవంటి మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము ఉంటాయి. పిల్లలు చూసి పాము పిల్ల అని భయపడతారు. దానికి విషం లేదు. క్రింద నల్లని గుండ్రటి మిరియాల వంటి రెట్ట పడి ఉంటే సరిగ్గా ఆ పైన వెదకండి, దొరుకుతుంది.

కరివేపాకు, నిమ్మ మొక్కల మీద పక్షి రెట్ట లాగా కనబడేది కూడా పురుగే. పెద్దదయ్యాక పచ్చగా మారుతుంది. అది నల్లని, పసుపు మచ్చల సీతాకోకచిలుక పిల్ల. గన్నేరు ఆకు క్రింద బంగారు పూత పూసినట్టు మెరిసే గూడు వ్రేలాడితే అదీ ఒక సీతాకోకచిలుకదే. పెద్ద పొదకు పది ఆకులు పోయినంత మాత్రాన నష్టం లేదు. చిన్న మొక్క అయితే చేతితో తీసి కోళ్లకు వేయవచ్చు. మల్లెలో మొగ్గలు ఊదారంగుకు తిరిగి, చిల్లుపడి రాలితే అది మొగ్గ తొలిచే పురుగు. అటువంటి మొగ్గలను ఏ రోజువి ఆ రోజు ఏరి పూడ్చివేయాలి.

పురుగు కాని బాధలు

క్రోటన్, గులాబి ఆకుల మీద సన్నటి సూది గుచ్చినట్టు తెల్లని చుక్కలు, అడుగున సాలెగూడు వంటి పలుచని దారాలు కనబడితే అది ఎర్రనల్లి. దీనికి ఎనిమిది కాళ్లు, సాలీడు జాతిది. పురుగు మందులలో చాలావాటికి ఇది లొంగదు. మండుటెండలో దుమ్ము పట్టిన మొక్కలకే ఎక్కువగా వస్తుంది. రోజు విడిచి రోజు ఆకుల అడుగున నీళ్లు బలంగా కొట్టడమే దీనికి తేలికైన వైద్యం.

ఇక ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది పోషకాల లోపం. రోజూ నీళ్లు నిలిచే చోట వేరు కుళ్లినా, ఒక వారం ఎండబెట్టి మరునాడు కుండలకొద్దీ పోసినా మందారం మొగ్గలు రాల్చుతుంది. వీటికి పురుగు మందు కొట్టడం వృథా.

మన పక్షాన పనిచేసేవి

పురుగులన్నీ శత్రువులు కావు. ఈ క్రిందివాటిని గుర్తుపట్టడం నేర్చుకుని, పిల్లలకూ నేర్పించండి.

అక్షింతల పురుగు: ఎర్రగానో నారింజ రంగులోనో ఉండి నల్ల మచ్చలతో గుండ్రంగా ఉండే దీనిని అందరూ ఎరుగుదురు. దాని పిల్లను మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలి ఆకారంలో ఉంటుంది. పేనుబంకను వందలకొద్దీ తింటుంది. దీనిని చూసి భయపడి నలిపివేసేవారే ఎక్కువ.

క్రిప్టోలీమస్: ఇది పిండినల్లిని తినే అక్షింతల పురుగు. నల్లని రెక్కలు, నారింజ రంగు తల. ఆస్ట్రేలియాకు చెందిన దీనిని 1898లోనే మన దేశానికి తెచ్చారు. దీని పిల్ల తెల్లని దూదిపోగులు కప్పుకుని అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది! తేడా ఏమిటంటే అది పిండినల్లికన్నా పెద్దది, ముట్టుకుంటే చకచక నడుస్తుంది. కదలకుండా గుంపుగా ఉన్నది శత్రువు, వాటి మధ్య ఒంటరిగా తిరిగేది మిత్రుడు.

అల్లిక రెక్కల పురుగు: దీని గుడ్లు ఆకు మీద సన్నటి దారం చివర గుండుసూది తలల వలె నిలబడి ఉంటాయి. బూజు అనుకుని తుడిచివేయకండి.

కందిరీగ జాతి పరాన్నజీవులు: పేనుబంక గుంపులో ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, వీపు మీద గుండ్రని చిల్లుతో ఉన్నవి కనబడితే వీటి పని జరుగుతున్నదని గుర్తు.

సాలీళ్లు, తొండలు, గొంగళి పురుగులను ఏరుకుతినే చిన్న పక్షులు కూడా ఈ లెక్కలోనివే.

మందు కొడితే పురుగు ఎందుకు పెరుగుతుంది?

మన డెల్టా రైతులకు దీనికి జవాబు అనుభవంలో ఉంది. వరిలో సుడిదోమ గుర్తుందా? కంటికి కనబడిన ప్రతి పురుగుకూ మందు కొట్టిన చేలలోనే దోమ ఎక్కువగా విరుచుకుపడింది. మందుకు సాలీళ్లు, మిత్రపురుగులు ముందుగా చనిపోతాయి. దోమ గుడ్లు మాత్రం ఆకు తొడిమలో క్షేమంగా ఉంటాయి. అవి పిగిలేసరికి తినేవాడు ఉండడు. ఇండోనేషియా దేశం ఈ సంగతి గ్రహించి 1986లో వరి మీద 57 రకాల పురుగు మందుల వాడకాన్ని నిషేధించింది. దానివలన పంట పాడవలేదు.

మందారం మీద జరిగేదీ ఇదే. పిండినల్లి మైనం క్రింద, గుడ్లు సంచిలో దాగి ఉంటాయి. బయట తిరిగే అక్షింతల పురుగు, కందిరీగ మాత్రం మొదటి చుక్కకే చనిపోతాయి.

వరుసగా చేయవలసినవి

1. కత్తెర: పిండినల్లి పట్టి గుత్తిగా ముడుచుకున్న కొమ్మను నాలుగు వేళ్లు క్రిందికి కోసివేయండి. కోసినది గోనె సంచిలో వేసి కట్టి కాల్చాలి లేక లోతుగా పూడ్చాలి. పంట కాలువలో పారవేస్తే దిగువనున్నవారి తోటకు పంపినట్టే. గన్నేరు కొమ్మలను మాత్రం కాల్చకండి, పశువులకు అందనివ్వకండి. ఆ చెట్టు అంతా విషమే, పొగ కూడా మంచిది కాదు. దానిని పూడ్చడమే క్షేమం.

2. నీరు: పంపు గొట్టం చివర బొటనవేలు అడ్డుపెట్టి ఆకుల అడుగున బలంగా కొట్టండి. పేనుబంక, తెల్లదోమ, ఎర్రనల్లి చాలావరకు దీనికే రాలిపోతాయి. వారానికి రెండుసార్లు, ఉదయంపూట చేయాలి.

3. చీమల అడ్డు: కాండం చుట్టూ బట్ట చుట్టి దానిమీద ఆముదమో గ్రీజో పూయండి. కొమ్మలు గోడను, తీగను తాకకుండా కత్తిరించండి. లేకపోతే చీమలు ఆ దారిన వస్తాయి.

4. సబ్బు నీరు: లీటరు నీటికి 5 గ్రాముల సబ్బు కరిగించి సాయంకాలం చల్లుపూట పిచికారీ చేయండి. సబ్బు మైనాన్ని కరిగించి పురుగు ఒంటికి పట్టుతుంది. పురుగుకు తగిలితేనే పనిచేస్తుంది గనుక అడుగుభాగం తడవాలి. గుడ్లు చావవు గనుక వారం విడిచి వారం మూడుసార్లు చేయాలి.

5. వేప: లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలిసేందుకు కాస్త సబ్బు. లేదా 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి వాడండి. క్రొత్తగా వాడేటప్పుడు ఒక కొమ్మ మీద చల్లి రెండు రోజులు చూసి, ఆకు మాడకపోతే మిగిలినదానికి చల్లండి.

6. గంజి: మసి పట్టిన ఆకుల మీద పలుచని గంజి చల్లితే, ఎండిన తరువాత మసితో కలిసి పొరలుగా రాలుతుంది.

7. ఎరువు: మిగిలిన యూరియాను పూలమొక్కలకు గుప్పెళ్లతో వేయకండి. అది లేత చిగురును విపరీతంగా పెంచి రసం పీల్చే పురుగులను పిలుస్తుంది. మాగిన పశువుల ఎరువు చాలు.

ఇన్ని చేసినా లొంగకపోతే మొక్కను మొదలు దాకా కొట్టివేయండి. మందారం, నందివర్ధనం, నూరువరహాలు మళ్లీ చిగురు వేస్తాయి. కొబ్బరికి సంబంధించిన పురుగయితే ఆకు ముక్కను కవరులో పెట్టి ఉద్యానశాఖవారికి గాని, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంవారికి గాని చూపించండి. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం మన జిల్లాలోనే ఉన్నది.

మొక్క కొనే రోజున

సిద్ధాంతం వంతెన దాటి, రావులపాలెం మీదుగా కడియపులంక వెళ్లి మొక్కలు తెచ్చుకోవడం మనవారికి వాడుక. అక్కడ పూలు చూసి కొంటాము. పూవుకంటె ముందు ఆకు అడుగు చూడండి. కాండం మీద చీమలున్నాయా, ఆకు జిగటగా ఉందా, తెల్లని చుట్టలు ఉన్నాయా అని పరీక్షించండి. అనుమానమున్న మొక్కను వదిలివేయండి. మంచిదనుకున్న మొక్కనైనా ఇంటికి తెచ్చాక రెండు మూడు వారాలు మిగిలినవాటికి దూరంగా ఉంచండి. గుడ్డుగా వచ్చినది ఆ గడువులో పురుగై కనబడుతుంది. కొమ్మ విరిచి ప్రక్కింటివారికి ఇచ్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త తీసుకోవాలి.

సీసా సంగతి

చివరగా పాకలోని ఆ సీసాను గురించి. 2013 జూలైలో బీహారులోని ఒక గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలలో 23 మంది చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు కలిసినట్టు పరీక్షలలో తేలింది. ఈ మందును మన రైతులందరు ఎరుగుదురు. 2005లోనే దీనిని కూరగాయల మీద వాడరాదని ప్రభుత్వం నిషేధించింది.

చేనుకు తెచ్చిన మందు గుమ్మం ముందు వాడేది కాదు. మూతతో కొలిచే కొలత కొలత కాదు. పిల్లలు మందారపు పూవు త్రుంచి నోట్లో పెట్టుకుంటారు. మిగిలిన మందును కూల్ డ్రింకు సీసాలో పోసి దాచడం కన్నా ప్రమాదం మరొకటి లేదు. ఖాళీ డబ్బాను నీళ్లకు, నూనెకు వాడకండి. చిల్లుపొడిచి, ఇంటికి, చెరువుకు దూరంగా పూడ్చండి. పిచికారీ డబ్బాను కాలువలో కడగకండి. మన చుట్టూ ఉన్నవి చేపల, రొయ్యల చెరువులు. రొయ్య పురుగుకు దూరపు చుట్టం. పురుగును చంపే మందు చాలా కొద్దిగా కలిసినా రొయ్యను చంపుతుంది. ఎవరైనా పొరపాటున మందు మింగితే నాటువైద్యమని కాలయాపన చేయక, బలవంతంగా వాంతి చేయించక, వెంటనే 108కి ఫోను చేసి, ఆ సీసాను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఏ మందో తెలిస్తేనే వైద్యుడు విరుగుడు ఇవ్వగలడు.

వారానికొకసారి, శనివారం సాయంకాలం అనుకోండి, పిల్లలను వెంటబెట్టుకుని పది నిమిషాలు మొక్కల మధ్య తిరగండి. ఒక్కొక్క మొక్కకు రెండు ఆకులు తిప్పి చూడండి. పదిగా ఉన్నప్పుడు పురుగును చేతితో తీసివేయవచ్చు. పదివేలయ్యాక కత్తెర కావాలి. ఏది శత్రువు, ఏది మిత్రుడు అని పిల్లలు మీకంటె త్వరగా నేర్చుకుంటారు. వచ్చే ఎండలు ముదరకముందే మొదలుపెట్టండి. పిండినల్లి, తెల్లదోమ బలపడే కాలం అదే.